మా బాబు ఊపిరి తీసుకోవడం మర్చిపోతున్నాడు!

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. ఇది నాకు మొదటి కాన్పు. బీపీ బాగా పెరిగిపోవడంతో 30 వారాల 4 రోజులకే ఆపరేషన్ చేసి బాబును తీశారు. పుట్టినప్పుడు బరువు 1,350 గ్రాములు. ఇవాళ్టికి 19 రోజులు, ఇంకా ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) బాక్సులోనే ఉన్నాడు. మొదటి వారం ముక్కుకు గొట్టాలు పెట్టి గాలి ఇచ్చారు, ఇప్పుడు తీసేశారు. పాలు గొట్టంతో పోస్తున్నారు. అయితే రోజుకు నాలుగైదుసార్లు ఊపిరి ఆపేస్తున్నాడు. మొన్న నేను పక్కన ఉండగానే మిషన్ మోగింది. పెదాలు నీలంగా అయిపోయాయి. సిస్టర్ వచ్చి అరికాలి మీద వేలితో తట్టింది, మళ్లీ తీసుకున్నాడు. ఆమె ఏమీ జరగనట్టు వెళ్లిపోయింది. నాకు కాళ్లు చల్లబడిపోయాయి. అడిగితే 'నెలలు నిండని పిల్లలు ఊపిరి తీసుకోవడం మర్చిపోతారమ్మా, మామూలే' అంటున్నారు. ఊపిరి తీసుకోవడం ఎవరైనా మర్చిపోతారా? ఇలా ఆగినప్పుడల్లా మెదడు దెబ్బతింటుందా? కెఫీన్ ఇస్తున్నామన్నారు, అంటే కాఫీ మందే కదా, ఇంత పసిగుడ్డుకా? మా అత్తగారు 'ఏడో నెల బిడ్డయితే గట్టిపడేవాడు, ఎనిమిదో నెల పడ్డాక పుట్టాడు కాబట్టే ఈ గండాలు' అంటున్నారు. రెండు మూడు వారాల్లో ఇంటికి పంపుతామంటున్నారు. ఇంట్లో ఆగితే ఎవరు చూస్తారు? డల్లాస్‌లో ఉన్న మా బావగారు కాలికి తొడిగే సాక్సు లాంటి మానిటర్ పంపిస్తానంటున్నారు. తెప్పించుకోమంటారా?

సమాధానం: అమ్మా, ముందు ఆ సిస్టర్ సంగతి చెబుతాను. ఆమె నింపాదిగా వెళ్లిపోయింది బిడ్డంటే లెక్కలేక కాదు. ఆ డ్యూటీలో అప్పటికే నాలుగు అరికాళ్లు తట్టి ఉంటుంది. తట్టగానే ఊపిరి అందుకున్నాడు, రంగు తిరిగింది, గుండె వేగం పుంజుకుంది. ఈ మూడూ చూసుకున్నాకే అక్కణ్నుంచి కదిలి ఉంటుంది. వెళ్లి ఒక కాగితం మీద రాసి కూడా ఉంటుంది: ఎన్ని గంటలకు ఆగింది, ఎన్ని సెకన్లు, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంతకు పడింది, బిడ్డ తనంతట తానే తేరుకున్నాడా, తట్టాల్సి వచ్చిందా. రేపు వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించమని అడగండి. మీ బాబు ఇంటికి ఎప్పుడొస్తాడో తేల్చేది అదే. దాని గురించి మళ్లీ చెబుతాను.

ఇది ఎంతమందిలో ఉంటుందంటారా? 1981లో ఆస్ట్రేలియాలో వేసిన లెక్కలను పిల్లల డాక్టర్లం ఇప్పటికీ చెప్పుకుంటాం. 34-35 వారాలకు పుట్టిన పిల్లల్లో నూటికి ఏడుగురు ఇలా ఊపిరి ఆపుతారు. 32-33 వారాలకు పుడితే నూటికి 15 మంది. 30-31 వారాలకు పుడితే 54 మంది. అంటే మీ బాబు ఈడు పిల్లల్లో సగానికి పైనే. 28 వారాల లోపు పుట్టినవాళ్లలోనైతే దాదాపు అందరూ. అంత చిన్నబిడ్డ అసలు ఊపిరి ఆపకపోతే మాకే ఆశ్చర్యం. 2020లో మన దేశంలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు 30 లక్షల మంది. వాళ్లలో 32 వారాల లోపు పుట్టిన బిడ్డల తల్లులు చాలామంది ఏదో ఒక బాక్సు పక్కన నిలబడి మీలాగే ఆ మిషన్ మోత విని ఉలిక్కిపడి ఉంటారు.

ఇదే లెక్క మీ అత్తగారికీ జవాబు. ఏడో నెల బిడ్డ దక్కుతాడు, ఎనిమిదో నెల బిడ్డ దక్కడు అన్న మాట నేనూ చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అంకెలు అందుకు నేరుగా ఎదురు తిరుగుతాయి. కడుపులో గడిపిన ప్రతి వారం బిడ్డకు లాభమే, ఏడో నెల కంటే ఎనిమిదో నెల ఎప్పుడూ మేలే. పెద్దావిడతో వాదన పెట్టుకోమనడం లేదు. మనవడి మీద ప్రాణం పెట్టుకునే కంగారులో ఆ మాట అని ఉంటారు. 54, 15, 7 అన్న ఈ మూడంకెలూ ఒకసారి ఆవిడకు చదివి వినిపించండి చాలు. ఇంకొకటి, ఆ బీపీ మీరు కోరి తెచ్చుకున్నది కాదు. మీరు ఉత్తరంలో అడగలేదు కానీ, ఈ పరిస్థితిలో ఉన్న తల్లులు నిద్రపట్టని రాత్రుళ్లు మొదట తవ్వుకునేది దాన్నే.

ఇక 'మర్చిపోవడం' సంగతి. ఆ మాట వార్డుల్లో వాడుకలో పడిపోయింది కానీ, నన్నడిగితే అది సరైన మాట కాదు. నేర్చుకున్నవాడు కదా మర్చిపోయేది? మీ బాబు ఇంకా పాత అలవాటులోనే ఉన్నాడు.

కడుపులో ఉన్న బిడ్డ కూడా ఊపిరి తీస్తున్నట్టు ఛాతీ కదిలిస్తుంటాడు. స్కానింగులో మాకు కనిపిస్తుంది. కాసేపు కదిలిస్తాడు, చాలాసేపు ఊరుకుంటాడు. ఊరుకున్నా నష్టం లేదు, ఎందుకంటే ఆక్సిజన్ వచ్చేది మాయ నుంచి, బొడ్డుతాడు ద్వారా. పైగా ఆక్సిజన్ కాస్త తగ్గితే కడుపులో బిడ్డ ఆ ఛాతీ కదలికలు కూడా తగ్గించేస్తాడు. ఉన్న ఇంధనం వృథా కాకుండా చూసుకోవడం అది, అక్కడ తెలివైన పనే. పుట్టేనాటికి మీ బాబు ఇంకా తొమ్మిది వారాలు ఆ పద్ధతిలో ఉండాల్సినవాడు. బొడ్డుతాడు తెగింది గానీ మెదడు అడుగున, మెడకు పైన, ఊపిరిని నడిపించే చోటుకు ఆ కబురు పూర్తిగా అందలేదు. అందుకే బయటికొచ్చాక కూడా కాసేపు తీసుకుంటాడు, కాసేపు ఊరుకుంటాడు.

మీరు ఒక్కసారి ఊపిరి బిగబట్టి చూడండి. అర నిమిషం దాటేసరికి లోపల్నుంచి ఎవరో తన్నినట్టు ఊపిరి తీసుకోబుద్ధవుతుంది. రక్తంలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) మెదడులో కొట్టే గంట అది. నెలలు నిండని బిడ్డలో ఆ గంట మోగుతుంది గానీ మెల్లగా, ఆలస్యంగా మోగుతుంది. దానికి తోడు గొంతు దగ్గర దారి మెత్తగా ఉంటుంది. తల కాస్త ముందుకు వాలితే చాలు, ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఛాతీ ఆడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. ఎక్కువమంది పిల్లల్లో మెదడు ఊరుకోవడం, దారి మూసుకోవడం రెండూ కలిసే ఉంటాయి. ఈ దారి సంగతి గుర్తుపెట్టుకోండి. ఇంటికొచ్చాక మీ చేతిలో ఉండేది అదే.

ఊపిరి ఆగిన ప్రతిసారీ అది జబ్బు లెక్కలోకి రాదు. రేపు మీ బాబు నిద్రపోతున్నప్పుడు పొట్ట మీది గుడ్డ కాస్త పక్కకు తీసి, అలాగే చూస్తూ కూచోండి. గబగబా ఏడెనిమిది ఊపిర్లు తీసుకుంటాడు. పొట్ట చిన్న తిత్తిలా ఎగిరెగిరి పడుతుంది. హఠాత్తుగా ఆగుతుంది. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. ఐదు, ఆరు... ఒక్కోసారి తొమ్మిది, పది కూడా వస్తుంది. ఈలోగా ముఖం రంగు మారదు, మానిటర్ మీద గుండె అంకె పడిపోదు. మళ్లీ గబగబా మొదలవుతుంది. ఇది మామూలు. నెలలు నిండి పుట్టిన పిల్లలు కూడా మొదటి వారాల్లో నిద్రలో ఇలాగే చేస్తారు. చూసేవాళ్లు లేక తెలియదు, అంతే.

మేము అప్నియా అని కాగితం మీద రాసేది వేరు. 20 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగాలి. లేదా అంతకంటే తక్కువసేపే ఆగినా, గుండె వేగం బాగా పడిపోవాలి, లేదా సాచురేషన్ పడిపోయి రంగు మారాలి. మొన్న మీరు చూసింది ఇదే. ఇంకో మాట, ఆ మిషన్ మోగిన ప్రతిసారీ ఊపిరి ఆగినట్టు కాదు. కాలికి చుట్టిన వైరు జారినా, బిడ్డ కాలు ఆడించినా మోగుతుంది. మోగగానే మీ చూపు అంకెల మీదికి కాదు, బిడ్డ పెదాల మీదికి, పొట్ట మీదికి పోవాలి. మా జూనియర్ డాక్టర్లకు కూడా మేము మొదట నేర్పేది అదే, వాళ్లూ మొదటి నెలంతా తెర వైపే చూస్తారు.

మెదడు మాట. అబద్ధం చెప్పి ఊరడించను. ఆగింది, పది ఇరవై సెకన్లలో తనే తేరుకున్నాడు, లేదా తట్టగానే తేరుకున్నాడు అన్నవాటివల్ల మెదడు దెబ్బతింటుందని భయపడక్కర్లేదు. 28 వారాల లోపు పుట్టిన పసికందుల్లో, ఆక్సిజన్ ఒక నిమిషం, అంతకు పైగా పడిపోయి ఉండటం పదే పదే జరిగితే, తర్వాతి ఎదుగుదల మీద దాని నీడ కనిపించిందని కెనడాతో పాటు పలు దేశాల్లో జరిగిన ఒక పెద్ద పరిశీలన చెప్పింది. మీ బాబు ఆ కోవలో లేడు. అతని ఎదుగుదలను తేల్చేవి వేరే ఉన్నాయి: తలలో రక్తస్రావం ఏమైనా ఉందా, ఇన్ఫెక్షన్ సోకిందా, పాలు ఒంటబడుతున్నాయా. తల స్కానింగ్ చేశారా, ఏమని వచ్చింది అని అడగండి. అరికాలు తట్టడం గురించి బెంగపడే తల్లులు ఈ ప్రశ్న మాత్రం అడగరు.

కెఫీన్ విషయంలో మీరొక్కరే కాదు, ప్రతి ఇంటివాళ్లూ ఇలాగే ఉలిక్కిపడతారు. అవును, కాఫీలో ఉండే పదార్థమే. నిద్రమత్తులో ఉన్న మనల్ని లేపినట్టే ఆ ఊపిరి కేంద్రాన్ని కాస్త మేల్కొలుపుతుంది. ఇందాక చెప్పిన గంట గట్టిగా వినపడేలా చేస్తుంది. నేను పీజీ చేసే రోజుల్లో అమైనోఫిలిన్ వాడేవాళ్లం. అది కూడా ఈ కుటుంబపు మందే. కానీ గుండె దడ, పాలు ఇమడకపోవడం ఎక్కువ, మోతాదుకూ ప్రమాదానికీ మధ్య ఎడం తక్కువ. రాత్రిళ్లు గుండె వేగం చూసుకుంటూ జాగారం చేసేవాళ్లం. కెఫీన్ దాని కంటే ఎంతో నెమ్మది.

అది మంచిదేనా అని డాక్టర్లకే చాన్నాళ్లు అనుమానం ఉండేది. అందుకే 500 నుంచి 1,250 గ్రాముల బరువుతో పుట్టిన 2,006 మంది పసికందుల్ని తీసుకుని, సగం మందికి కెఫీన్, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి చూశారు. బార్బరా ష్మిట్ అనే వైద్యురాలి నాయకత్వంలో పలు దేశాల్లో జరిగింది. ఫలితాలు 2006, 2007లో వచ్చాయి. కెఫీన్ ఇచ్చిన పిల్లల్లో ఊపిరితిత్తుల దీర్ఘకాలపు జబ్బు 47 శాతం నుంచి 36 శాతానికి తగ్గింది. ఏడాదిన్నర దాటాక చూస్తే సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా ఆడకపోవడం) 7.3 శాతం నుంచి 4.4 శాతానికి తగ్గింది. ఆ పిల్లల్ని పదకొండేళ్లు వచ్చేదాకా గమనించారు, కెఫీన్ వల్ల హాని కనిపించలేదు సరికదా, చేతులూ కాళ్ల పనితనంలో కాస్త లాభమే కనిపించింది. పసిపిల్లల వైద్యంలో ఇంత గట్టి సాక్ష్యం ఉన్న మందులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే ఇది ఆసుపత్రిలో బరువుకు తగ్గట్టు కొలిచి ఇచ్చే మందు. ఇంటికొచ్చాక ఎవరో చెప్పారని డికాక్షన్ చుక్క నాలిక మీద రాయకండి. నవ్వకండి, రాసినవాళ్లను చూశాను.

ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి వద్దాం. మనం తాగిన కాఫీలోని కెఫీన్ ఐదారు గంటల్లో సగానికి సగం ఒంట్లోంచి పోతుంది. మీ బాబు కాలేయానికి ఆ పని ఇంకా చేతకాదు. అతని ఒంట్లో అది సగం అవడానికే నాలుగు రోజులు పడుతుంది. అంటే మందు ఆపిన మర్నాడు బాగున్నాడంటే అర్థం లేదు, ఇంకా ఆ మందు మీదే ఉన్నాడు. అందుకే ఆపాక కనీసం ఐదు నుంచి ఏడు రోజులు ఒక్క అప్నియా కూడా లేకుండా గడవాలని చూస్తాం. ఆరో రోజు ఒకటి వచ్చిందనుకోండి, లెక్క మళ్లీ మొదటికి. అప్పుడు ఇంట్లోవాళ్లు 'బిల్లు కోసం ఆపుతున్నారు' అనుకుంటారు. అలా ఆపేవాళ్లు లేరని నేను చెప్పలేను. కానీ ఈ విషయంలో ఆగడం న్యాయమే. అనుమానముంటే కాగితం చూడండి, చివరిసారి తట్టాల్సి వచ్చిన తేదీ దాని మీద ఉంటుంది.

ఎప్పటికి తగ్గుతుంది? పుట్టిన రోజు నుంచి కాదు, కడుపులో పడ్డ లెక్కన చూడాలి. మీ బాబుకు ఇవాళ 33 వారాల 2 రోజులు. చాలామంది పిల్లల్లో 36-37 వారాలకల్లా ఇది తగ్గిపోతుంది. అంటే ఇంకో మూడు నాలుగు వారాలు. మరీ ముందుగా, 28 వారాల లోపు పుట్టినవాళ్లలో ఒక్కోసారి 43, 44 వారాల దాకా సాగుతుంది. పాలు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ వరస తప్పకుండా చేసుకోవడం దాదాపు 34 వారాలకు మొదలవుతుంది. అందుకే ఇప్పుడు గొట్టం, తర్వాత ఉగ్గుగిన్నె, ఆ తర్వాత రొమ్ము. రొమ్ము పట్టించే మొదటి రోజుల్లో గుటకలు వేస్తూ వేస్తూ ఊపిరి మరిచి నీలం తిరగొచ్చు. వెంటనే రొమ్ము తప్పించి, కాస్త నిటారుగా పట్టుకుని, ఊపిరి తీసుకోనివ్వండి. భయపడి మళ్లీ గొట్టానికి మార్చమని అడగకండి. పాలు కక్కడం వల్లే ఊపిరి ఆగుతోందని గ్యాస్ మందులు రాయించుకునేవాళ్లూ ఉన్నారు. వాటితో ఈ ఆగడాలు తగ్గుతాయనడానికి రుజువు లేదు.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది, కంగారూ కేర్. బిడ్డను బట్టల్లేకుండా మీ రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి కట్టుకోవడం. దక్షిణ అమెరికాలో కొలంబియా రాజధాని బొగోటాలో, 1970ల చివర్లో, బాక్సులు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. వెచ్చదనం నిలకడగా ఉంటుంది, గుండె, ఊపిరి నిలకడ పడతాయి, పాలూ పెరుగుతాయి. గొట్టంతో పాలు పోస్తున్నా చేయొచ్చు. నేను పీజీలో ఉండగా ఒక రాత్రి, మా దగ్గర ఉన్న రెండు మానిటర్లూ ఇంకా చిన్న పిల్లలకు పెట్టేశాం. మూడో మంచం మీద మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన తల్లి పిల్లను గుండెకు కట్టుకుని గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. నేను పక్క మంచం దగ్గర ఉన్నాను. ఆమె కళ్లు తెరవకుండానే రెండు వేళ్లతో పిల్ల వీపు మీద పైకీ కిందికీ రుద్దింది, మళ్లీ నిద్రలోకి జారింది. తెల్లారాక అడిగాను, ఎలా తెలిసిందని. 'పొట్టకు పొట్ట తగులుతుంటది గదా సారూ, తగలకపోతే తెలివొస్తది' అంది. మా మిషన్ అయితే 20 సెకన్లు ఆగాక గానీ మోగదు.

బావగారి సాక్సు. పంపిస్తానన్న ప్రేమకు దండం, వస్తువు మాత్రం వద్దనే అంటాను. అమెరికాలోనే 1,079 మంది పసిపిల్లలకు ఇళ్లలో మానిటర్లు పెట్టి గమనించారు, 2001లో ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లలో 445 మందికి ఎప్పుడో ఒకప్పుడు మిషన్ మోగేంత తేడా వచ్చింది. ఏ ఇబ్బందీ లేకుండా నెలలు నిండి పుట్టిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. నెలలు నిండనివాళ్లలో పెద్ద తేడాలు ఎక్కువే, కానీ 43 వారాలకల్లా మిగతా పిల్లలతో సమానమయ్యారు. నిద్రలోనే పిల్లలు హఠాత్తుగా పోవడాన్ని ఈ ఇంటి మానిటర్లు ఆపగలవని ఎక్కడా తేలలేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా వాటిని నమ్ముకోవద్దనే చెబుతోంది. ఆసుపత్రిలో అప్నియాలున్న బిడ్డ తర్వాత నిద్రలో పోతాడన్న భయమూ నిజం కాదు, ఆ రెండూ వేర్వేరు. సాక్సు తొడిగాక జరిగేది నాకు తెలుసు: రాత్రి మూడుసార్లు ఉత్తినే మోగుతుంది, మూడో రోజుకు మీకు పాలు తగ్గుతాయి. వారం రోజుల లెక్క నిండకుండానే, సాక్సు ఉంది కదా అని ముందే ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది, అది ఇంకా ప్రమాదం. మీ డాక్టరే ప్రత్యేకంగా మానిటర్‌తో పంపిస్తే అది వేరే సంగతి.

ఇంట్లో చూసుకోవాల్సింది మెడ. చీర ఉయ్యాల కట్టారా? ఇప్పుడే విప్పేయించండి. బాధగానే ఉంటుంది, తెలుసు. అందులో వేస్తే బిడ్డ విల్లులా వంగిపోతాడు, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, ఆ మెత్తటి గాలిదారి మడత పడుతుంది. నెలలు నిండిన బిడ్డ తల తిప్పుకుంటాడేమో, మీవాడికి ఆ బలం లేదు. గట్టి పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టండి. ఆసుపత్రిలో బోర్లా పడుకోబెట్టడం మీరు చూసే ఉంటారు, అక్కడ బాగా ఊపిరి తీస్తారని అలా చేస్తాం, మానిటర్ ఉంటుంది కాబట్టి చేస్తాం. ఇంట్లో అది కూడదు. ఇంటికి తెచ్చే రోజు కారులోనో ఆటోలోనో ఒళ్లో పెట్టుకున్నప్పుడు కూడా గడ్డం కింద మీ వేలు ఒకటి పట్టేంత సందు ఉండాలి.

స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో తప్పనిసరి. ఈ బిడ్డకు వద్దు. అగరుబత్తీ, దోమల చుట్ట, వరండాలో తాతగారి చుట్ట కూడా అంతే. ముక్కులో నూనె చుక్కలు వేయడం, నోట్లో వేలు పెట్టి గొంతు శుభ్రం చేయడం వంటివి చేసే మంత్రసాని ఎవరైనా ఉంటే ఆవిడకు కాఫీ ఇచ్చి పంపేయండి. చలి తగులుతుందని మూడు గుడ్డలు చుట్టి, టోపీ పెట్టి, తలుపులు బిగించడమూ మంచిది కాదు. ఒళ్లు మరీ వేడెక్కినా ఊపిరి ఆగడాలు పెరుగుతాయి, చల్లబడినా పెరుగుతాయి. పొట్ట, పాదాలు రెండూ వెచ్చగా ఉంటే చాలు.

ఇంటికొచ్చి, అంతా సవ్యంగా ఉన్నాక కొత్తగా ఊపిరి ఆగడం మొదలైతే, అప్పుడు మామూలే అనుకోకండి. ఇందాకటి నుంచీ నేను చెప్పిన ధైర్యం దానికి పనికిరాదు. ఇంత చిన్న పిల్లల్లో ఇన్ఫెక్షన్‌కు జ్వరం రాకపోవచ్చు, జలుబుకు ముక్కు కారకపోవచ్చు, ఊపిరి ఆగడమే మొదటి గుర్తు కావచ్చు. పాలు తాగనంటున్నాడా, ఒళ్లు చల్లగా, వేలాడినట్టు ఉందా, డొక్కలు ఎగరేస్తున్నాడా, నాలిక నీలంగా ఉందా? ఏ ఒక్కటి ఉన్నా అదే గంటలో ఆసుపత్రికి. చేతులూ పాదాలు మాత్రమే కాస్త నీలంగా ఉంటే కంగారు వద్దు, నాలిక చూడండి. ఆగినప్పుడు వీపు రుద్దండి, అరికాలు తట్టండి, మెడ సరిచేయండి. కుదపకండి, తలకిందులుగా పట్టుకోకండి, నీళ్లు చల్లకండి. అప్పటికీ తీసుకోకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు నోటితో ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టాలి. అది చదివి నేర్చుకునేది కాదు. డిశ్చార్జికి ముందు బొమ్మ మీద చేయించమని సిస్టర్‌ని అడగండి. మీరు, మీవారు, అత్తగారు ముగ్గురూ నేర్చుకోండి. అత్తగారిని వదలొద్దు, పగలంతా బిడ్డ ఉండేది ఆవిడ చేతుల్లోనే.

టీకాలు పుట్టిన తేదీ లెక్క ప్రకారమే వేయించండి, నెలలు నిండలేదని వాయిదా వేయకండి. ఈ పిల్లల్లో గజ్జల దగ్గర హెర్నియా తరచుగా వస్తుంది. ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకు 'ముందుగా పుట్టాడు, ఊపిరి ఆపేవాడు' అని మీరే చెప్పండి. మత్తు తర్వాత ఊపిరి ఆగే అవకాశం కొన్ని నెలల దాకా ఉంటుంది, ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచుకోవాలి.

మీరు అడగనిది ఒకటి మిగిలింది, కళ్లు. 34 వారాల లోపు పుట్టిన, లేదా రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన 30 రోజుల్లోపు కంటి వెనక రెటీనా పరీక్ష జరగాలి. బయటికి కళ్లు మిలమిలా మెరుస్తున్నా లోపల రక్తనాళాలు దారి తప్పి పెరుగుతుండొచ్చు. టైముకు చూస్తే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో ఆపొచ్చు, ఆలస్యమైతే చూపు తిరిగి రాదు. చాలాచోట్ల కంటి డాక్టరే ఎన్‌ఐసీయూకి వస్తారు, కొన్నిచోట్ల మనమే అడగాలి. మీ బాబుకు ఇవాళ 19వ రోజు. ఇంకా 11 రోజులుంది. రేపు ఆ అప్నియా కాగితం అడిగేటప్పుడే కంటి పరీక్ష తేదీ కూడా అడిగి, ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి.